పద్యంతో పాటే వెలుగూ నడవాలి

పద్యనాటకంలో ఒక పద్యం ఎంతసేపు సాగుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. గొంతు బాగా పలికిన రాత్రి నటుడు రాగం ఇంకాస్త సాగదీస్తాడు. జనం ‘వన్స్‌మోర్’ అంటే అదే పద్యాన్ని మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంటాడు. హార్మోనిస్టు ఇందుకు సిద్ధంగానే ఉంటాడు. నటుడి ఊపిరిని కనిపెట్టుకుని వేళ్లు నడుపుతాడు. లైటింగ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ కనిపెట్టుకోవడం కరువవుతోంది. ల్యాప్‌టాప్‌లో నింపిపెట్టిన సీన్లు తమ లెక్క ప్రకారం ఒకదాని వెంట ఒకటి మారిపోతుంటే, కాటి సీనులో హరిశ్చంద్రుడు పద్యం రెండోసారి అందుకునే వేళకు నీలి వెలుగు పోయి ఎర్ర వెలుగు పరుచుకుంటుంది. ఇందులో సాఫ్ట్‌వేర్ తప్పేమీ లేదు. దాచిపెట్టిన సీన్‌ను ప్రదర్శన నడుస్తుండగానే సరిచేసే మనిషికి మనం చోటివ్వడం లేదు, తప్పంతా అక్కడుంది. తిరువూరు లాంటి పట్టణాల్లో నాటకం వేయించేవారు లైటింగ్‌కు కేటాయించే డబ్బునూ శ్రద్ధనూ దీపాల సంఖ్య పెంచడం మీద కాక, ముందుగా ఆ మనిషి మీద పెట్టాలి.

ఆటను చూస్తూ వెలుగును సర్దడం మనకు పరాయి విద్య కాదు. 2022 ఏప్రిల్‌లో ఎన్టీఆర్ జిల్లా ఏర్పడేదాకా తిరువూరూ కూచిపూడీ ఒకే కృష్ణా జిల్లాలో ఉండేవి. ఆ కూచిపూడి భాగవతులు కాగడాల వెలుగులో తెల్లవార్లూ ఆడేవారు. ముఖ్యపాత్ర ప్రవేశించేటప్పుడు దివిటీ మీద గుగ్గిలం పొడి చల్లితే మంట ఒక్కసారిగా పైకి లేచి పాత్రధారి ముఖం దేదీప్యమానంగా కనిపించేది. దరువు ఎత్తుగడ విని, తెర కదలిక చూసి, అడుగు పడే క్షణానికి ఆ పొడి చల్లాలి. కాస్త ముందైతే మంట వృథా, కాస్త ఆలస్యమైతే ప్రవేశం వెలవెలబోతుంది. 1885లో మొదలైన సురభి నాటకాల్లో, ముఖ్యంగా మాయాబజార్ లాంటి ప్రదర్శనల్లో చేసే మాయలకూ ప్రాణం ఇదే. తెరవెనక తీగ లాగేవాడూ, లైటు వేసేవాడూ, నటుడూ ఒకే క్షణంలో కలిస్తేనే ప్రేక్షకుడు నమ్ముతాడు. సాధనం మారినంత మాత్రాన ఈ పని మారదు.

కంప్యూటర్ తెచ్చిన సదుపాయం చిన్నదేమీ కాదు. 1986లో అమెరికాలో రూపుదిద్దుకున్న డీఎంఎక్స్ 512 పద్ధతిలో ఒక్క కేబుల్ మీద 512 చానళ్లు నడుస్తాయి. ఒక్కో చానల్‌కు 0 నుంచి 255 దాకా ఒక అంకె. ఏ దీపంలో ఎరుపెంత, పచ్చ ఎంత, నీలం ఎంత అన్న అంకెలన్నీ కలిపి దాచుకుంటే అదే ఒక సీన్. ఒక బటన్ నొక్కితే అడవి, ఇంకోటి నొక్కితే రాజసభ. అయితే దాచుకున్న వెలుగును ఉన్నదున్నట్టు మళ్లీ రప్పించే ఈ పద్ధతి ఎలాంటి చోట బలపడిందో గమనించాలి. బ్రాడ్‌వేలో కంప్యూటర్ కన్సోల్‌ను మొదట వాడింది 1975లో, ‘ఎ కోరస్ లైన్’ అనే సంగీత నాటకానికి లైటింగ్ చేసిన థారన్ మస్సర్. ఆ నాటకం అక్కడి షూబర్ట్ థియేటర్‌లో 1990 దాకా ఆడింది. అదే హాలు, అదే వేదిక, అంతే దూరం కాబట్టి నిన్నటి అంకె ఇవాళా పనికొస్తుంది. మన సమాజాల సంగతి వేరు. ఇవాళ తిరువూరు, రేపు సత్తుపల్లి, ఎల్లుండి నూజివీడు. ఒకచోట బడి ఆవరణ, ఒకచోట గుడి ముందు పందిరి, ఇంకోచోట కల్యాణ మండపం. దీపాలు కూడా ఏ ఊళ్లో దొరికినవి ఆ ఊళ్లో అద్దెకు తెచ్చినవే.

ఇలాంటి చోట దాచుకున్న అంకెలు ఎందుకు నిలవవో ముఖం మీద పడే వెలుగే చెబుతుంది. దీపానికీ నటుడికీ మధ్య దూరం సగమైతే వెలుగు దాదాపు నాలుగింతలవుతుంది. అంత వెలుగు కిరీటం మీదా భుజకీర్తుల మీదా పడితే ప్రేక్షకుడికి తళుకులు తప్ప నటుడి కళ్లు కనిపించవు. ఆరుబయట సాయంత్రం వెలుతురు ఉండగా సరిచూసుకున్న సీన్, చూపు చీకటికి అలవాటు పడిన అర్ధరాత్రి వేళ మిరుమిట్లు గొలుపుతుంది. చౌకరకం ఎల్ఈడీ పార్ లైట్లతో ఇంకో చిక్కు ఉంది. అవి 255 నుంచి చాలా కిందిదాకా సాఫీగానే దిగుతాయి. చివరి కొద్ది అంకెల్లో మెట్టుమెట్టుగా తడబడి, 1 నుంచి 0కి వచ్చేటప్పుడు ఠక్కున ఆరిపోతాయి. చంద్రమతి శోకం మీద మెల్లగా చీకటి కమ్మాల్సిన చోట ఆ తడబాటు సభంతటికీ కనిపిస్తుంది. చేయి తిరిగిన ఆపరేటర్ వెనక నుంచి మరో దీపాన్ని లేతగా నిలిపి దాన్ని కప్పేస్తాడు. ఎంత లేతగా అన్నది ఆ రాత్రి, ఆ దీపాలను చూస్తేనే తేలుతుంది.

దీనికి దర్శకులు చెప్పే అభ్యంతరం న్యాయమైనదే. ఎన్నో రిహార్సల్స్ చేసి ఖాయం చేసుకున్న వెలుగును ఆపరేటర్ తన ఇష్టప్రకారం కదిలిస్తే నాటకం ఎవరిదవుతుందని వారి ప్రశ్న. దీనికి జవాబు పని పద్ధతిలోనే ఉంది. ఆ పూటకు చేసే సవరణ వేరు, దాచుకున్న సీన్‌నే తిరగరాయడం వేరు. మొదటిది ఆపరేటర్ చేతిలో ఉండాలి, రెండోది ప్రదర్శన అయ్యాక దర్శకుడి అనుమతితో జరగాలి. ఈ హద్దు ముందే గీసుకోవచ్చు. క్యూఎల్‌సీ ప్లస్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఏ సీన్ మోతాదుకు ఆ సీన్‌కే స్లయిడర్ కట్టుకోవచ్చు. సీన్లు వాటంతట అవి మారకుండా బటన్ నొక్కితేనే మారేలా పెట్టుకోవచ్చు. ఇక్కడొక మెలకువ అవసరం. ఒకే దీపానికి రెండు చోట్ల నుంచి ఆదేశం వెళితే సాధారణంగా ఎక్కువ అంకే చెల్లుతుంది. అంటే విడి స్లయిడర్‌తో వెలుగు పెంచగలం కానీ తగ్గించలేం. తగ్గించాలంటే ఆ సీన్ స్లయిడరే దించాలి. ఇది తెలియనివాడు నటుడి కళ్లు మిరుమిట్లు గొంటున్నా ఏమీ చేయలేక కూర్చుంటాడు. కాబట్టి ఆపరేటర్‌కు స్వేచ్ఛ ఇవ్వడమంటే దర్శకుడి ఊహను గాలికి వదిలేయడం కాదు. ఏ ఊరి వేదిక మీదైనా ఆ ఊహ నిలబడేలా చూసే బాధ్యత ఒకరికి అప్పగించడం.

పద్యానికి గొంతు చాలు, రంగుల హంగులెందుకని పెద్దలు అనే మాటలో సగం నిజం ఉంది. పాట రికార్డుకు తిరిగినట్టు లైట్లు పద్యానికీ తిరిగితే రసభంగమే. అయితే ఆ రసభంగాన్ని ఆపగలిగింది కూడా చూస్తూ కూర్చున్న ఆపరేటరే. పద్యం సాగినంతసేపు ముఖం మీది వెలుగును కదలనివ్వకపోవడం, చప్పట్లు సద్దుమణిగేదాకా తర్వాతి సీన్‌ను ఆపి ఉంచడం అతడి నేర్పులో ప్రధాన భాగం. ఆ సంయమనం టైమర్‌కు రాదు. ఇక ఖర్చు మాట. కలకత్తాలో తపస్ సేన్ 1959లో ఉత్పల్ దత్ నాటకం ‘అంగార్’లో బొగ్గుగనిలోకి నీళ్లు ముంచుకొచ్చే దృశ్యాన్ని వెలుగునీడలతో కళ్లకు కట్టించారు. అప్పటికి డీఎంఎక్సూ లేదు, ల్యాప్‌టాపూ లేదు. దృశ్యాన్ని పండించేది దీపాల లెక్క కాదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. నేడు సాఫ్ట్‌వేర్ ఉచితం, ల్యాప్‌టాప్ ఇంట్లోనే ఉంటుంది, డీఎంఎక్స్ కేబుల్‌ను దానికి కలిపే చిన్న పరికరం ఒక్కటి కొనుక్కోవాలి. అసలు కావలసింది సమయం, మర్యాద.

అందుకే నిర్వాహకులు చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. ఆపరేటర్‌ను స్టేజీ పక్కన జనరేటర్ దగ్గర కాక, ప్రేక్షకుల మధ్య వేదికకు ఎదురుగా కూర్చోబెట్టాలి. ఒకే రాత్రి రెండు మూడు నాటికలు ఆడించే పరిషత్తులు, ప్రతి బృందానికీ వెలుగు సరిచూసుకునే వ్యవధి రాసిచ్చి దాన్ని పాటించాలి. సమాజాలు చివరి రిహార్సల్స్‌కైనా లైటింగ్ మనిషిని పిలిచి, ఏ పద్యానికి వన్స్‌మోర్ పడే అవకాశం ఉందో ముందే చెప్పాలి. నటులతో పాటు అతడి పేరూ మైకులో చదవాలి. ప్రభుత్వ సాంస్కృతిక శాఖ, రంగస్థల కళలు బోధించే విశ్వవిద్యాలయాలు షామియానా, సౌండ్, లైటింగ్ షాపుల్లో పనిచేసే కుర్రాళ్లకు మండల కేంద్రాల్లోనే శిక్షణ ఇవ్వాలి. పెళ్లిళ్లకూ జాతరలకూ లైట్లు కట్టి వైర్లతో, డిమ్మర్లతో చేయి తిరిగినవారు వాళ్లు. నాటకం చదివించి, పద్యం వినిపించి, ఎక్కడ ఆగాలో నేర్పితే తిరువూరు నాటకానికి విజయవాడ నుంచి లైటింగ్ మనిషిని పిలిపించాల్సిన అవసరం ఉండదు.