సాక్ష్యంలో ఆ పేర్లెక్కడ?

కువైట్‌లో శుక్రవారం సెలవు. కువైట్ సిటీలోని నేషనల్ ఎవాంజెలికల్ చర్చి ప్రాంగణంలో ఎన్నో భాషల్లో ఆరాధనలు జరుగుతుంటాయి. తెలుగూ అందులో ఒకటి. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఖద్దామా వీసాల మీద వచ్చిన అక్కాచెల్లెళ్లకు ఇలాంటి కూడికలే పుట్టిల్లు. పాటలయ్యాక సాక్ష్యాలు మొదలవుతాయి. అకామా పోయి, అప్పుల్లో పడి, దారీతెన్నూ లేనప్పుడు ప్రభువు ఎలా గట్టెక్కించాడో కన్నీళ్లతో చెప్తారు.

ప్రభువుకు స్తోత్రం చెప్పాల్సిందే, కాదనేదెవరు? కానీ గట్టెక్కించడానికి ఆయన వాడుకున్న మనిషి పేరు మాత్రం సాక్ష్యంలో రాదు.

యజమాని పాస్‌పోర్టు ఉంచుకోకూడదని కువైట్‌లో 2015 నాటి ఇంటిపనివారి చట్టం చెప్తున్నా, ఆ అలవాటు పోలేదు. 2018లో, 2020లో, మళ్లీ 2024లో అక్కడ క్షమాభిక్ష ఇచ్చారు. పాస్‌పోర్టు చేతిలో లేనివారు ఇల్లు చేరాలంటే మన ఎంబసీలో ఎమర్జెన్సీ సర్టిఫికెట్ తీసుకోవాలి. ఫారాలు, ఫొటోలు, క్యూలు. అరబ్బీ చదవడం రాదు, ఇంగ్లీషు అంతకన్నా రాదు. ఎవరో ఒకాయన డ్యూటీ మానుకుని, టాక్సీ డబ్బులు తనే పెట్టుకుని వెంట తిరిగితేనే పని అయ్యేది. ఊళ్లో దిగాక ఆయనకి ఒక్క ఫోన్ చేసినవారెందరు?

రోమా పత్రిక 16వ అధ్యాయం వచ్చేసరికి, పేర్లే కదా అని మనవాళ్లు గబగబా దాటేస్తారు. పాతికకు పైగా పేర్లున్నాయి అందులో. తనకూ చాలామందికీ అండగా నిలిచిన ఫీబే, తన కోసం ప్రాణాలకు తెగించిన ప్రిస్కిల్ల, అకుల... అందరినీ పేరుపేరునా తలుచుకున్నాడు పౌలు. ఖైదులో తనకు ఫిలిప్పీ సంఘం పంపిన సాయం తెచ్చి, జబ్బుచేసి చావుదాకా వెళ్లిన ఎపఫ్రొదితు గురించి ఆ సంఘానికే రాశాడు. దేవుణ్ణి స్తుతించడంలో పౌలు ఎవరికి తీసిపోయాడు గనక?

ఒక చిక్కుంది. యజమాని ఇంట్లోంచి పారిపోయి వచ్చిన ఆడమనిషికి రాత్రి చోటిచ్చినవారి పేరు మైకులో చెప్తే వాళ్ల మెడకే చుట్టుకుంటుంది. అక్కడి చట్టం ప్రకారం అది నేరం. వాళ్లకి ఇంటికెళ్లి చెప్పుకోవాలి, అంతే.

ఇంకో రకం మౌనం ఉంది. అదే బాధ. సాయపడినవాడు మన సంఘంవాడు కాదనో, ముస్లిం అనో పేరు మింగేయడం! పదిమంది కుష్ఠురోగులు బాగుపడితే వెనక్కొచ్చింది సమరయుడొక్కడే. దెబ్బలు తిని దారిలో పడివున్నవాణ్ణి సత్రానికి చేర్చిందీ సమరయుడే. ఈ కథలు మనకు సండే స్కూలు నుంచీ తెలుసు.

కృతజ్ఞతా కానుక కవర్లో దీనార్లు వేస్తున్నాం, మంచిదే. టికెట్ కొనిపెట్టినవాడి చేతిలో ఆ డబ్బు తిరిగి పెట్టామా? ఆయనదీ చిన్న జీతమే, ఊళ్లో ఆయన పిల్లలకీ ఫీజులున్నాయి. పాస్టర్లు ఒక పని చేయొచ్చు. సాక్ష్యం చెప్పి దిగినవారిని పక్కకు పిలిచి అడగొచ్చు: ఎంబసీకి తోడెవరొచ్చారమ్మా, ఆయనతో మాట్లాడి ఎన్నాళ్లయింది?