ఎంతవుతుందంటావు మేస్త్రీ?

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు మన పెద్దలు. పాత ఇల్లు బాగుచేయించి చూడు అని మాత్రం అనలేదు. ముందే చెబితే ఎవరూ ఆ పనికి పూనుకోరని దయతలచి వదిలేశారు కాబోలు. కొత్త ఇల్లు కట్టేవాడికి ఎదురుగా ఖాళీ స్థలం వుంటుంది. పునాది ఎంత లోతు, గోడ ఎంత ఎత్తు అన్నవి చేతిలోని కాగితం మీద వుంటాయి. పాత ఇంటి సంగతి అలా కాదు. దాన్ని వెనుకటి తరం వారు కట్టారు, ఆ తరువాత మరొకరు అతికారు, ఇంకొకరు సున్నం కొట్టి ఆ అతుకును కప్పేశారు. లోపల ఏమున్నదో గోడకు తెలుసు, చెదలకు తెలుసు. మనకు తెలియదు.

మా ముమ్మిడివరం చుట్టుపక్కల అలాంటి ఇళ్లు ఇంకా కనిపిస్తూనే వుంటాయి. నడుమ మండువా, చుట్టూ వసారా, వీధి వైపు అరుగులు, పైన పెంకులు. సంక్రాంతికి వచ్చిన మనవలు స్నానాల గది బాగులేదంటారు. కోడలు వంటింటి గోడకు చెమ్మ వస్తోందంటుంది. పండుగ వెళ్లిన నాలుగో నాడు ఇంటి యజమాని మేస్త్రీని పిలిపిస్తాడు. మేస్త్రీ చేతులు వెనక్కు కట్టుకుని ఇల్లంతా కలయతిరుగుతాడు. గోడ మీద వేలితో రెండుసార్లు కొట్టి చూస్తాడు.

"ఎంతవుతుందంటావు మేస్త్రీ?"

"ఇప్పుడే ఏం చెప్తామండి? పైన నాలుగు పెంకులు తీస్తేగాని తెలీదండి."

"అబ్బే, ఉజ్జాయింపుగా చెప్పవయ్యా. నిన్నేమీ పట్టుకోనులే."

"ఓ మూడు లక్షల్లో అయిపోద్దండి, ఆయ్."

ఈ మూడు లక్షల ప్రయాణం చూడండి. మేస్త్రీ నోట్లోంచి వచ్చినప్పుడు అది ఒక ఊహ. అరుగు దాటి వంటింట్లోకి వెళ్లేసరికి లెక్క అవుతుంది. రాత్రి ఫోనులో కొడుక్కి చెప్పేసరికి ఒప్పందం అవుతుంది. మర్నాడు బ్యాంకులో బంగారం కుదువ పెట్టేసరికి అది శిలాశాసనం. నాలుగో నెలలో ఖర్చు అయిదు లక్షలు దాటిందంటే, అందరూ కలిసి మేస్త్రీని అబద్ధాలకోరు అంటారు. "నాలుగు పెంకులు తీస్తేగాని" అని అతను మొదటే అన్న మాట ఎవరికీ గుర్తుండదు.

నిజానికి మన భాషలో దీనికి మూడు వేర్వేరు మాటలున్నాయి. కంటితో చూసి చెప్పేది ఉజ్జాయింపు. కొలిచి, లెక్క కట్టి చెప్పేది అంచనా. ఇద్దరూ మాట ఇచ్చిపుచ్చుకుని కట్టుబడేది ఖరారు. తెలుగు చెప్పుకుని బ్రతికేవాణ్ని గనుక ఈ తేడా పట్టించుకోక తప్పదు నాకు. మనం ఉజ్జాయింపు అడుగుతాము, దాన్ని అంచనా అనుకుంటాము, ఖరారుగా పట్టుకుంటాము. పేచీలన్నీ అక్కడే పుడతాయి.

పాత ఇంటిలో అంచనా ఎందుకు తప్పుతుందో ఒక్క గోడను తీసుకుని చూద్దాం. వంద చదరపు అడుగుల కొత్త గోడకు అర అంగుళం మందాన, ఒకటికి అయిదు పాళ్ల ఇసుకతో పూత వేస్తే ఇంచుమించు ఒక బస్తా సిమెంటు పడుతుంది. ఇది లెక్కకు దొరికే పని. అదే కొలత గల పాత గోడ మీద పెచ్చులు రాల్చితే లోపల గుంటలు, ఒంపులు బయటపడతాయి. వాటిని సరిచేసేసరికి పూత మందం అంగుళానికి వస్తుంది. బస్తా రెండు బస్తాలవుతుంది, ఇసుకా రెట్టింపవుతుంది, కూలీ పెరుగుతుంది. ఉప్పు గాలి తగిలే మన సముద్రతీరంలో శ్లాబు పెచ్చు ఊడిందంటే లోపలి ఇనుము ఎంతవరకు తుప్పు పట్టిందో కొట్టి చూడాలి. దూలం పైకి నున్నగానే వుంటుంది. గోడలో దిగిన కొన చెదలు తినేసి వుండవచ్చు. 1996 నవంబరు 6 నాటి తుపాను ఈ ప్రాంతాన్ని ఎలా ఊపేసిందో పెద్దవారికి గుర్తే. అంతటి ఆపద తరువాత ఎవరైనా ముందు తల మీద కప్పు చూసుకుంటారు. తడిసిన వాసం ఆరిందా లేదా అని ఆగరు. అలాంటి అతుకు ఒకటి మీ కప్పులో వుంటే దాని ఖర్చు నేడు మీ చిట్టాలోకి వస్తుంది.

డబ్బు సరే, కాలం సంగతి మరీ చిత్రం. పని ఆలస్యమైతే "ఇంకో ఇద్దర్ని పెట్టవయ్యా" అంటాము. పూత పూయడానికి మనుషుల్ని పెంచవచ్చు. పూసిన గోడను వారం రోజులు తడపాలి. పది మందిని పెట్టినా ఆ వారం వారమే. గోదావరికి వరద వస్తే ఇసుక దొరకదు. దాళ్వా కోతల రోజుల్లో కూలీలు దొరకరు. మంచిరోజు లేదని ఇంటివారే పది రోజులు ఆపుతారు. ఇవన్నీ ప్రతి ఏడూ వచ్చేవే. అయినా అంచనా వేసేటప్పుడు ఇవేవీ రావన్నట్టే వేస్తాము.

ఈ మేస్త్రీ పడే కష్టమే పడే వృత్తి మరొకటి నేడు మన ఇళ్లలోనే వున్నది. మన ఊళ్ల పిల్లలు హైదరాబాదులో, బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో టెస్టింగు చేస్తున్నారు. ఒకరు రాసిన ప్రోగ్రాము సరిగా పనిచేస్తున్నదా లేదా అని మరొకరు పరీక్షించడం ఆ పని. అది కూడా పరులు కట్టిన ఇంట్లో గోడలు తట్టి చూడడమే గదా! "ఎన్ని రోజులవుతుంది?" అని మేనేజరు అడుగుతాడు. ఇంకా చేతికి రాని ప్రోగ్రాములో ఎన్ని తప్పులున్నాయో పరీక్షించేవారికి ఎలా తెలుస్తుంది?

వారి లెక్క ఇలా వుంటుంది. ఒక పనికి 200 పరీక్షలు కావాలనుకోండి. ఒక్కొక్కటి పావుగంట అనుకుంటే 50 గంటలు. రోజుకు ఎనిమిది గంటల చొప్పున ఆరు రోజుల పైచిలుకు. వారంలో అయిపోతుందని మేనేజరు రాసుకుంటాడు. తప్పు దొరికితే ప్రోగ్రాము రాసినవారికి పంపాలి. వారు దిద్దాక మళ్లీ చూడాలి. ఒకచోట దిద్దితే వేరొకచోట చెడిపోతుంది గనుక, మునుపు బాగున్నవాటిని కూడా తిరిగి చూడాలి. మూడు విడతలు తిరిగితే 50 గంటలు 150 గంటలవుతాయి. ఆరు రోజులు దాదాపు పందొమ్మిది రోజులవుతాయి. వారంలో తేలే పని కాదు.

ఇది మనవారికి బాగా తెలిసివచ్చిన కాలం ఒకటున్నది. 1990ల చివర, పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండే అంకెలతో రాయడం వల్ల 2000వ సంవత్సరాన్ని కంప్యూటర్లు 1900 అనుకుంటాయని ప్రపంచమంతా హడలిపోయింది. హైదరాబాదులో సైబర్ టవర్స్ 1998 నవంబరులో ప్రారంభమైన రోజులవి. ఎందరో తెలుగు ఇంజనీర్లు ఇక్కడా, అమెరికాలోనూ ఆ పనిలో దిగారు. దిద్దడం తేలికే: రెండు అంకెలు నాలుగు చేయాలి, అంతే. అయితే ఎప్పుడో ఎవరో రాసి వెళ్లిపోయిన లక్షల పంక్తుల్లో ఆ తేదీలు ఎక్కడెక్కడ దాగున్నాయో వెతకడం, దిద్దిన తరువాత అన్నీ నడుస్తున్నాయా అని చూడడం, అసలు భారం అక్కడ. పాత ఇంటి మరమ్మతు అంటే అదే.

ఐబీఎమ్ కంపెనీలో ఒక పెద్ద ప్రోగ్రాము పని నడిపించిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో ఒక పుస్తకం రాశారు. మొత్తం కాలంలో మూడోవంతు ఆలోచనకు, ఆరోవంతు ప్రోగ్రాము రాయడానికి, మిగిలిన సగం పరీక్షకు కేటాయించాలని అందులో ఆయన లెక్క. ఆలస్యమైన పనిలో కొత్తవారిని చేర్చితే మరింత ఆలస్యమవుతుందని కూడా అన్నారు. వచ్చినవారికి నేర్పడంతోనే ఉన్నవారి పొద్దు గడిచిపోతుంది.

మరి ఆ సగం కాలం టెస్టర్లకు దక్కుతుందా? ఇంటి పనిలో రంగులు వేసేవాడి స్థానం చూస్తే జవాబు దొరుకుతుంది. తాపీ పని పెరిగింది, వడ్రంగి పని పెరిగింది, చివరకు రంగులవాడు వచ్చేసరికి డబ్బూ లేదు, గృహప్రవేశానికి రోజులూ లేవు. రెండు పూతలు ఒక పూత అవుతాయి. ప్రోగ్రాములో టెస్టర్లది ఆ చివరి స్థానమే. ముందువారి ఆలస్యమంతా వారి రోజుల్లోంచి కోసేస్తారు. విడుదల తేదీ మాత్రం కదలదు. మా శిష్యురాలొకతె ఆ ఉద్యోగంలో వున్నది. "అంచనా వేసినప్పుడు మమ్మల్ని అడగరండి, తప్పినప్పుడు మాత్రం రాత్రిళ్లు కూర్చోమంటారు" అన్నది. రంగు ఒక పూత తగ్గితే కంటికి కనిపిస్తుంది. పరీక్ష ఒక విడత తగ్గితే ఎవరికీ కనిపించదు, ఎక్కడో ఒక తండ్రి కొడుకు కాలేజీకి కట్టిన రుసుము మధ్యలో మాయమయ్యేదాకా.

తప్పిన అంచనా భారం వరుసలో చివర నిలబడినవారి మీద పడుతుందనడానికి మన గోదావరి మీదనే పెద్ద ఉదాహరణ వున్నది. పోలవరం ప్రాజెక్టు అంచనా 2005-06 ధరల ప్రకారం 10,151 కోట్ల రూపాయలు. 2010-11 ధరల ప్రకారం 16,010 కోట్లు. 2017-18 ధరల ప్రకారం 55,500 కోట్లు దాటింది. పెరిగింది సిమెంటు, ఇనుము మాత్రమే అనుకుంటే పొరపాటు. ఈ చివరి అంకెలో 33,000 కోట్లకు పైగా భూసేకరణకూ, నిర్వాసితుల పునరావాసానికీ సంబంధించినదే; అంతకుముందు అంచనాలో ఆ పద్దు 3,000 కోట్లకు లోపు. మధ్యలో 2013 నాటి భూసేకరణ చట్టం వచ్చి, 2014 జనవరి 1 నుంచి అమలయి, పరిహారం పెంచింది. వెనుకటి లెక్కలో ఊళ్లు ఖాళీ చేయవలసినవారి కష్టానికి వెల తక్కువ కట్టారన్న మాట. ఎవరి వాటా తక్కువగా రాశామో వారే ఆఖరున ఎదురుచూస్తూ మిగిలిపోతారు.

అయితే ఏం చేయాలి? అంచనా వేయడమే మానుకోలేము గదా. కొన్ని ఉపాయాలున్నాయి.

మొదటిది, ఒక అంకె అడగకుండా మూడు అడగండి. అంతా సవ్యంగా జరిగితే ఎంత, మామూలుగా ఎంత, అన్నీ అడ్డం తిరిగితే ఎంత? అమెరికా నౌకాదళం 1958లో పొలారిస్ క్షిపణి పనికి వాడిన పద్ధతి ఇది. మధ్య అంకెను నాలుగుతో గుణించి, అటూ ఇటూ ఉన్న రెండూ కలిపి, ఆరుతో భాగించాలి. మేస్త్రీ మూడు, నాలుగు, ఎనిమిది లక్షలు అన్నాడనుకోండి. నాలుగు నాలుగులు పదహారు, మూడూ ఎనిమిదీ కలిపితే ఇరవై ఏడు, ఆరుతో భాగిస్తే నాలుగున్నర. సిద్ధం చేసుకోవలసింది నాలుగున్నర లక్షలు. ఎనిమిది అయితే ఎక్కడి నుంచి తెస్తామన్న ప్రశ్నకు జవాబు లేకపోతే ఇల్లంతా విప్పకండి. ఒక గదితో ఆగండి.

రెండవది, మీ ఇంటి సంగతి మేస్త్రీని అడిగే ముందు, పని ముగించుకున్న ముగ్గురిని వారి ఇంటి సంగతి అడగండి. "మొదట ఎంతన్నారు, చివరికి ఎంతయింది, ఎన్ని నెలలు పట్టింది?" మనుషులు తమ పని తొందరగా అయిపోతుందని నమ్ముతారనీ, ఇతరుల అనుభవం చూస్తే ఆ భ్రమ తగ్గుతుందనీ కాహ్నమన్, ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1979లోనే రాశారు.

మూడవది, లోపల ఏమున్నదో తెలియని పనిని గుత్తకు ఇవ్వకండి. గుత్తకు ఒప్పుకున్న మేస్త్రీ తెలియని భయానికి పైన వేసుకుంటాడు, లేదా సిమెంటు పాలు తగ్గిస్తాడు. కప్పు విప్పి చూసేదాకా రోజుకూలీ, చూసిన తరువాత చదరపు అడుగు లెక్క మీద ఒప్పందం, అదే ఇద్దరికీ క్షేమం. ఒక మూల నాలుగు పెంకులు తీయించడానికి అయ్యే ఒకరోజు కూలీ అన్నిటికన్నా చవకైన ఖర్చు.

నాలుగవది, అంకె పక్కన షరతు రాసుకోండి. పెళ్లి వంటకు బియ్యం చెప్పేటప్పుడు మన ఇంటి పెద్దావిడ ఊరికే చెప్పదు. ముహూర్తం పగలా రాత్రా, మగపెళ్లివారు ఎందరు, పిల్లలెందరు అని అడిగి చెబుతుంది. మారితే లెక్క మారుతుందని ముందే అంటుంది. "దూలాలు బాగుంటే మూడు లక్షలు" అని చిట్టాలో రాసివుంటే, దూలం పుచ్చిన నాడు జగడం వుండదు. లెక్క తిరగరాసుకోవడమే వుంటుంది.

చివరిగా ఒక్క మాట. పని మొదలుపెట్టే రోజునే చివరి వారం కూలి డబ్బు, రంగులవాడి డబ్బు తీసి విడిగా ఒక కవరులో పెట్టి, ఇంటి ఇల్లాలి బీరువాలో దాచండి. మధ్యలో ఎంత అవసరం వచ్చినా దాన్ని ముట్టుకోకండి. ఆఫీసుల్లో అంచనాలు వేసే పెద్దలు కూడా పరీక్షల రోజులను అలాగే కవరులో పెట్టివుంచితే, మన పిల్లలు రాత్రి పొద్దుపోకుండా ఇంటికి చేరి భోజనం చేస్తారు.