పంపిణీ గణనలో స్వచ్ఛంద సేవకుల క్రెడిట్

ఇంటి కంప్యూటర్లను ఖాళీ సమయంలో శాస్త్ర పరిశోధనకు అప్పగించే స్వచ్ఛంద సేవకులు చేసిన గణనకు ప్రతిగా, ఆయా పరిశోధక బృందాలు వారి ఖాతాలో జమ చేసే అంకెను క్రెడిట్ అంటారు. ఇది ధనం కాదు, దీనితో అంగడిలో ఏమీ కొనలేము. కరెంటు బిల్లు తామే కట్టుకొని, యంత్రం అరుగుదల కూడా తామే భరించే లక్షలాది మందికి దక్కే ప్రతిఫలం మాత్రం దాదాపుగా ఇదొక్కటే. అందువలన ఆ అంకెను ఏ కొలతతో ఇస్తున్నారు, ఆ కొలత ఎవరికి అనుకూలంగా ఉన్నది అన్న ప్రశ్నలపై రెండు దశాబ్దాలకు పైగా వాదోపవాదాలు జరుగుతున్నాయి.

నేపథ్యం

ఒక పెద్ద లెక్కను వేలాది చిన్న ముక్కలుగా కోసి, అంతర్జాలం ద్వారా వేర్వేరు కంప్యూటర్లకు పంపి, వచ్చిన జవాబులను ఒకచోట కూర్చడాన్ని పంపిణీ గణన అంటారు. ఈ పద్ధతిని సామాన్య ప్రజలలోకి తీసుకొనివెళ్ళినది సెటి ఎట్ హోమ్. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ ప్రాంగణం దీనిని 1999 మే 17న ప్రారంభించినది. అరెసిబో రేడియో దూరదర్శిని సేకరించిన సంకేతాలలో గ్రహాంతరవాసుల జాడ వెదకడం దీని ఉద్దేశ్యం. యాభై లక్షల మందికి పైగా ఇందులో చేరారు.

మొదట్లో లెక్క చాలా సులభంగా ఉండేది. ఎన్ని ముక్కలు పూర్తి చేస్తే అన్ని ముక్కలు మీ పేరున చేరేవి. ఒక ముక్క పెద్దదా చిన్నదా అన్న విచారణ లేదు. పట్టికలో పై స్థానం కోసం కొందరు ప్రోగ్రామును మార్చివేసి, చేయని పనిని చేసినట్లు పంపడం మొదలుపెట్టారు. డబ్బు లేనిచోట కూడా దొంగలెక్క పుట్టినది. బహుమతి లేని పరుగు పందెంలో అడ్డదారిన పడే పిల్లలను చూసిన ఉపాధ్యాయులకు ఇది వింతగా తోచదు.

దీనికి విరుగుడుగా ఒకే ముక్కను ఇద్దరికి, అవసరమైతే ముగ్గురికి పంపే పద్ధతి వచ్చినది. మన విశ్వవిద్యాలయాలలో ఒకే జవాబు పత్రాన్ని ఇద్దరు దిద్దే డబుల్ వాల్యుయేషన్ వంటిదే ఇది. రెండు జవాబులు ఏకీభవించినప్పుడే ఇద్దరికీ క్రెడిట్. బర్క్‌లీకి చెందిన డేవిడ్ ఆండర్సన్ నాయకత్వంలో 2002 నుండి రూపొందిన బోయింక్ అనే వేదిక ఈ పద్ధతిని అనేక ప్రాజెక్టులకు అందించినది. తొలినాళ్ళలో కంప్యూటరే తన క్రెడిట్ ఎంతో అడిగేది. ఇద్దరు అడిగితే తక్కువ అడిగినవారి అంకెనే ఇద్దరికీ ఇచ్చేవారు. ముగ్గురు లేదా అంతకు మించి ఉంటే అన్నిటికంటే ఎక్కువను, అన్నిటికంటే తక్కువను తీసివేసి మిగిలినవాటి సగటు ఇచ్చేవారు. 2005 డిసెంబరులో పాత సెటి ముగిసి, అందరూ బోయింక్‌కు మారవలసి వచ్చినప్పుడు పాత ముక్కల సంఖ్య కొత్త ఖాతాలో కలవలేదు, పక్కన జ్ఞాపకంగా మాత్రమే నిలిచినది. కొలత మారింది కనుక కలపడానికి వీలు లేదన్నది నిజమే. ఆరేళ్ళు కరెంటు ఖర్చు చేసినవారికి అది కష్టంగా తోచినదన్నదీ నిజమే.

కొలమానం

బోయింక్ క్రెడిట్ ప్రమాణానికి కాబుల్‌స్టోన్ అని పేరు. ఇది సెటి బృందంలో పనిచేసిన జెఫ్ కాబ్ పేరు మీదుగా వచ్చినది. సెకనుకు వంద కోట్ల దశాంశ గణనలు చేయగల ఒక ఆదర్శ కంప్యూటరు రోజంతా పనిచేస్తే 200 క్రెడిట్లు వస్తాయని నేటి నిర్వచనం. దశాంశ గణన వేగాన్ని వెట్‌స్టోన్ అనే పరీక్షతో కొలుస్తారు.

ఇటువంటి ఉమ్మడి ప్రమాణం ఎందుకు అవసరమో మన పాత కొలతలు గుర్తున్నవారికి వేరుగా చెప్పనక్కరలేదు. భారతదేశంలో 1958 అక్టోబరు నుండి మెట్రిక్ తూనికలు దశలవారీగా అమలులోకి వచ్చేవరకు సోల, మానిక, కుంచం అన్న పేర్లు ఒకటే అయినా, ఊరు మారితే పరిమాణం మారేది. జొన్నలు అమ్మేవాడి మానిక ఒకటి, కొనేవాడి మానిక మరొకటి. బోయింక్‌లో కూడా ప్రమాణం పేరు ఒక్కటే గాని, ఇచ్చేవారు వేర్వేరు. ప్రతి ప్రాజెక్టు తన సొంత సర్వరులో తానే క్రెడిట్ ముద్రించుకుంటుంది. సేవకులను ఆకర్షించడానికి ఒక ప్రాజెక్టు ఉదారంగా పంచితే, పొదుపుగా ఇచ్చే ప్రాజెక్టు వెలవెలబోతుంది. 2010లో ప్రవేశపెట్టిన కొత్త క్రెడిట్ విధానం ఏ యంత్రంపై చేసినా, ఏ ప్రాజెక్టుకు చేసినా సమాన పనికి సమాన క్రెడిట్ ఉండాలని సగటుల ద్వారా సరిచేయబోయినది. కాని చాలా ప్రాజెక్టులు తమ పాత పద్ధతిలోనే ఉండిపోయాయి. బిట్‌కాయిన్ యుటోపియా అనే ప్రాజెక్టు నాణేల తవ్వకానికే తయారైన ప్రత్యేక చిప్పులకు కూడా క్రెడిట్ ఇవ్వడంతో, ఏళ్ళ తరబడి వ్యాధులపైనా వాతావరణంపైనా లెక్కలు చేసినవారు ఉమ్మడి పట్టికలో కిందికి జారిపోయారు. 2013లో మొదలైన గ్రిడ్‌కాయిన్ బోయింక్ పనికి ఏకంగా నాణెమే ఇవ్వసాగినది. నాణెం వచ్చిన తరువాత దానిని దానం అనవచ్చునా అన్న చర్చ వేరు.

మొత్తం క్రెడిట్‌తో పాటు ఇటీవలి సగటు అనే మరొక అంకె కూడా కనిపిస్తుంది. పని ఆపివేస్తే ఇది వారానికి సగం చొప్పున తగ్గిపోతుంది.

పాత కంప్యూటరు, కొత్త కార్డు

అసలు చిక్కు ఇక్కడ ఉన్నది. న్యాల్‌కల్ వంటి మండల కేంద్రంలో ఒక విద్యార్థి ఇంట్లో పాత కంప్యూటరు ఉన్నదనుకుందాం. అది సెకనుకు 200 కోట్ల గణనలు చేస్తుంది, రోజుకు ఆరు గంటలు నడుస్తుంది. పై నిర్వచనం ప్రకారం దానికి దినానికి 100 క్రెడిట్లు. హైదరాబాదులో మరొకరి వద్ద సెకనుకు లక్ష కోట్ల గణనలు చేసే గ్రాఫిక్ కార్డు ఉన్నదనుకుందాం. అదే ఆరు గంటలకు 50,000. మొదటి యంత్రం 80 వాట్లు, రెండవది 250 వాట్లు తింటాయనుకుంటే, కరెంటు ఖర్చు మూడు రెట్లు, క్రెడిట్ మాత్రం ఐదు వందల రెట్లు. శాస్త్రానికి జరిగిన మేలు కూడా ఐదు వందల రెట్లే కనుక ఈ లెక్కలో అన్యాయం లేదని వాదించవచ్చు. గణనను కొలవడానికి అది సరియైన వాదమే. దాతను కొలవడానికి మాత్రం సరిపోదు.

గడువుల వలన ఈ అంతరం ఇంకా పెరుగుతుంది. ప్రతి ముక్కకూ ఒక గడువు ఉంటుంది. కరెంటు పోయినప్పుడు లెక్క చివరిగా భద్రపరచిన చోటు నుండి మళ్ళీ మొదలవుతుంది, ఆ తరువాత చేసినది వృథా అవుతుంది. గడువు దాటి పంపితే, ఈలోగా ఆ ముక్కను వేరొకరు పూర్తి చేసి ఉంటే క్రెడిట్ అందకపోవచ్చు. ప్రోటీన్ల మడతలను అధ్యయనం చేసే ఫోల్డింగ్ ఎట్ హోమ్ 2010 నుండి త్వరగా తిరిగి పంపినవారికి అదనపు పాయింట్లు ఇస్తున్నది. దీనిని 2000లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో విజయ్ పాండే ప్రారంభించారు. అక్కడ ఒక ముక్క ఫలితం వస్తేనే తరువాతి ముక్క తయారవుతుంది కనుక తొందరకు విలువ ఉన్నది. కారణం సబబైనదే. నష్టం మాత్రం నెమ్మది యంత్రం ఉన్నవారిదే.

దీనికి భిన్నమైన మార్గాన్ని ఐబీఎం సంస్థ 2004 నవంబరులో ప్రారంభించిన వరల్డ్ కమ్యూనిటీ గ్రిడ్ చూపినది. అక్కడ పాయింట్లతో పాటు, యంత్రం నడచిన కాలాన్ని బట్టి పతకాలు ఇచ్చారు: 14 రోజులకు కంచు, 45 రోజులకు వెండి, 90 రోజులకు బంగారం, ఆపైన కెంపు, పచ్చ, నీలం. పాత యంత్రమైనా, కొత్త యంత్రమైనా ఒక రోజు ఒక రోజే. ఎక్కువ కోర్లు ఉన్న కంప్యూటరుకు ఇందులోనూ లాభం ఉన్నది గాని, ఐదు వందల రెట్లు కాదు. 2008 నుండి 2010 వరకు ఈ గ్రిడ్‌పై వరి ప్రోటీన్ల నిర్మాణాన్ని లెక్కగట్టిన ప్రాజెక్టుకు వాషింగ్టన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు రామ్ సముద్రాల నాయకత్వం వహించారు. తెలుగువారికి ఇంటిపేరూ పరిచయమైనదే, పంటా పరిచయమైనదే.

పేరు దక్కిన సందర్భాలు

కొన్ని ప్రాజెక్టులు అంకెతో ఆగక పేరు కూడా ఇచ్చాయి. ఐన్‌స్టీన్ ఎట్ హోమ్ 2010లో ఒక కొత్త పల్సార్‌ను కనుగొన్నప్పుడు, సైన్స్ పత్రికలో వచ్చిన వ్యాసం అమెరికాలోని అయోవాకు చెందిన క్రిస్, హెలెన్ కోల్విన్ దంపతులను, జర్మనీకి చెందిన డేనియల్ గెబ్‌హార్ట్‌ను పేరుపేరునా గుర్తించినది. రెండు ఇళ్ళ పేర్లు రావడానికి కారణం, ఒకే ముక్కను ఇద్దరికి పంపే ఆ డబుల్ వాల్యుయేషనే. మోసాన్ని ఆపడానికి పెట్టిన నియమం గౌరవాన్ని కూడా ఇద్దరికి పంచినది. (ఇదే ప్రాజెక్టు గురుత్వ తరంగాల కోసం లైగో దత్తాంశాన్ని కూడా వెదకుతుంది. భారతదేశపు లైగో కేంద్రానికి 2023లో ఆమోదం లభించిన హింగోలి ప్రాంతం ఒకప్పుడు మన హైదరాబాదు సంస్థానంలోనిదే.)

అతిపెద్ద ప్రధాన సంఖ్యలను వెదకే గింప్స్‌లో 1999 జూన్ 1న నయన్ హజ్రత్‌వాలా కనుగొన్న సంఖ్యలో ఇరవై లక్షలకు పైగా అంకెలు ఉన్నాయి. 350 మెగాహెర్ట్జ్ ఇంటి కంప్యూటరు ఖాళీ వేళల్లో 111 రోజులు పనిచేసి దానిని తేల్చినది. ఆయనకు 50,000 డాలర్ల బహుమతి లభించినది. 2024 అక్టోబరులో లూక్ డ్యురాంట్ ప్రకటించిన 4,10,24,320 అంకెల సంఖ్య వెనుక పదిహేడు దేశాలలో అద్దెకు తీసుకున్న వేలాది సర్వరు గ్రాఫిక్ కార్డులు ఉన్నాయి. పాతికేళ్ళలో ఇంటి కంప్యూటరు స్థానం ఎక్కడికి చేరినదో ఈ రెండు సంఘటనలను పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

మన దేశంలో సీఎస్‌ఐఆర్ 2008లో క్షయవ్యాధికి మందుల అన్వేషణ కోసం ప్రారంభించిన బహిరంగ ఔషధ పరిశోధనలో ఎవరు ఏ చిన్న పని చేసినా తేదీతో సహా నమోదు చేసి, దానికి పాయింట్లు ఇచ్చే ఏర్పాటు ఉండేది. 2010లో క్షయ క్రిమి జన్యువుల వివరణలో విద్యార్థులు పెద్ద సంఖ్యలో పాల్గొన్నారు. ఇక్కడ కొలిచినది యంత్రపు శ్రమను కాదు, మనిషి శ్రమను.

న్యాల్‌కల్ మండలంలోని గంగ్వార్ వంటి గ్రామాలలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు పాటించే విత్తన పద్ధతిని కూడా ఇక్కడ చెప్పుకోవాలి. పంపిణీ అయిన పనికి ఉమ్మడి ఖాతా ఉండడంలో రెండూ ఒక్క జాతివే. విత్తనం బదులు తీసుకున్నవారు పంట వచ్చాక తీసుకున్నదానికంటే ఎక్కువ కొలతతో తిరిగి ఇస్తారు. అక్కడ జమ అయినది మళ్ళీ మరొకరి పొలంలో మొలుస్తుంది. బోయింక్ క్రెడిట్ ఖాతాలోనే ఉండిపోతుంది.

ప్రస్తుత స్థితి

సెటి ఎట్ హోమ్ 2020 మార్చి 31న కొత్త ముక్కలు పంపడం ఆపివేసినది. అదే నెలలో కోవిడ్ కారణంగా ఫోల్డింగ్ ఎట్ హోమ్‌లో చేరినవారి సంఖ్య ఎంతగా పెరిగినదంటే, పంచడానికి ముక్కలు చాలక కంప్యూటర్లు ఖాళీగా వేచి ఉన్నాయి. వేచి ఉన్న సమయానికి క్రెడిట్ లేదు. వరల్డ్ కమ్యూనిటీ గ్రిడ్ 2021లో ఐబీఎం నుండి కెనడాలోని క్రెంబిల్ పరిశోధనా సంస్థ చేతికి వెళ్ళినది. సెటి సేకరించిన సుమారు 1,200 కోట్ల సంకేతాలను వడపోసిన వ్యాసాలు 2025లో ఖగోళ పత్రికలో వెలువడ్డాయి. చివరికి మిగిలిన వంద సంకేతాలను చైనాలోని ఫాస్ట్ దూరదర్శినితో తిరిగి పరిశీలించడం మొదలైనది. వడపోతలో కొట్టివేసిన సంకేతాలను లెక్కించినవారి క్రెడిట్, మిగిలిన వందను లెక్కించినవారి క్రెడిట్ ఒకే కొలతలో నమోదై ఉన్నాయి.