లీడర్ అంటే రిపోర్టులో మొదటి పేరేనా?

కోర్సులకు గుర్తింపునిచ్చే ఎన్‌బీఏ బృందం వస్తోందంటే ఇంజనీరింగ్ కాలేజీలో నెలల ముందే ఫైళ్ల పని మొదలవుతుంది. ప్రతి సబ్జెక్టుకూ కోర్సు ఫలితాలు రాయాలి, వాటిని ప్రోగ్రామ్ ఫలితాలకు ముడిపెట్టాలి, గడుల్లో ఒకటి, రెండు, మూడు అంటూ అంకెలు నింపాలి. ఎన్‌బీఏ చాలాకాలం అమలు చేసిన పన్నెండు ప్రోగ్రామ్ ఫలితాల్లో తొమ్మిదోది బృందంలో పనిచేయడానికి సంబంధించినది. విద్యార్థి ఒక్కడిగానూ, సభ్యుడిగానూ, నాయకుడిగానూ సమర్థంగా పనిచేయగలగాలన్నది దాని సారాంశం. గణితానికీ డిజైన్‌కూ సంబంధించిన గడులకు పరీక్ష పేపర్ల ఆధారం ఉంటుంది. ఈ తొమ్మిదో గడి దగ్గరకొచ్చేసరికి ప్రాజెక్టు మార్కులు, ఫెస్ట్ ఫొటోలు, ఎన్ఎస్ఎస్ సర్టిఫికెట్లతో పని కానిచ్చేస్తున్నారు. బ్యాచ్‌లో నలుగురికీ దాదాపు ఒకే మార్కులు పడతాయి కనుక నలుగురికీ నాయకత్వం వచ్చేసినట్టు కాగితం మీద తేలుతుంది.

ఆ అంకెకు కాలేజీ గోడల బయట కూడా విలువ ఉంది. 2014 జూన్‌లో మన దేశం వాషింగ్టన్ ఒప్పందంలో శాశ్వత సభ్యత్వం పొందింది. టైర్-1 గుర్తింపు ఉన్న మన ప్రోగ్రామ్‌లలో చదివినవారిని మిగతా సభ్య దేశాలు తమ పట్టభద్రులతో సమానంగా చూడాలన్నది దాని ఉద్దేశం. అంటే ఆ గడిలో వేసే మూడు, ముక్కూమొహం తెలియని ఒక యాజమాన్యానికి మనం ఇస్తున్న హామీ. ఆ హామీని మనం నిజాయతీగా ఇవ్వడం లేదు.

తెలుగు రాష్ట్రాల్లో ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు ఎలా నడుస్తుందో లోపలివాళ్లకు తెలుసు. బ్యాచ్‌లు రోల్ నంబర్ల వరుసలో పడతాయి, లేదంటే హాస్టల్ స్నేహాలను బట్టి కుదురుతాయి. ఎక్కువ పర్సంటేజీ ఉన్నవారు బ్యాచ్ లీడర్. రిపోర్టు అట్ట మీద మొదటి పేరు వారిదే. హార్డ్‌వేర్, కోడింగ్ అబ్బాయిల చేతికి, డాక్యుమెంటేషన్, పీపీటీ అమ్మాయిల చేతికి వెళ్లడం చాలా చోట్ల మామూలే. కొన్ని బ్యాచ్‌లకు ఆ మాత్రం శ్రమ కూడా ఉండదు, అమీర్‌పేట ప్రాజెక్టు సెంటర్లో డబ్బు కడితే కోడు, రిపోర్టు, వైవా ప్రశ్నలు అన్నీ కలిపి చేతికొస్తాయి. రివ్యూ రోజున ఇంగ్లిష్ తడబడకుండా మాట్లాడేవారు ముందు నిలబడతారు. గైడ్‌కైనా, ఎక్స్‌టర్నల్‌కైనా కళ్లకు కనబడే లీడర్ వారే.

అదే బ్యాచ్‌లో ఇంకొకరు ఉంటారు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, రివ్యూల్లో నోరు విప్పని కుర్రాడు. సెన్సర్ తప్పు రీడింగ్ ఇస్తోందని మొదట పట్టుకున్నది అతనే. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి మార్చుకొచ్చిందీ, మాటలు మానేసిన ఇద్దరిని మళ్లీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టిందీ అతనే. ఇప్పుడున్న మూల్యాంకనంలో వీటిలో దేనికీ గడి లేదు. క్యాంపస్ సెలక్షన్ల గ్రూప్ డిస్కషన్‌లోనూ ముందుగా, గట్టిగా మాట్లాడేవారికే మొగ్గు. నాయకత్వం పేరుతో మనం కొలుస్తున్నది చాలా భాగం ఇంగ్లిష్ ధాటిని, ఇంట్లో దొరికిన ధైర్యాన్ని. ఆ రెండూ లేకుండా మొదటి తరం చదువుకుని వచ్చిన పిల్లలకు ఇది నాలుగేళ్లూ జరిగే అన్యాయం.

ఇంజనీరు విషయంలో నాయకత్వం ఎలా ఉంటుందో చెప్పడానికి నాకు 1986 జనవరి 27 రాత్రిని మించిన ఉదాహరణ కనబడదు. మర్నాడు చాలెంజర్ అంతరిక్ష నౌక ప్రయోగం. బూస్టర్లు తయారుచేసిన మోర్టన్ థయోకాల్ కంపెనీ ఇంజనీర్లు, 12 డిగ్రీల సెల్సియస్‌కన్నా చలిగా ఉంటే ఓ-రింగులు సరిగా మూసుకోవన్న భయంతో ప్రయోగం వద్దని నాసాకు టెలికాన్ఫరెన్స్‌లో చెప్పారు. రోజర్ బాజోలీ, ఆర్నీ థాంప్సన్ తమ దగ్గరున్న ఆధారాలన్నీ పెట్టి వాదించారు. ఫోన్ లైను కాసేపు ఆపి కంపెనీ పెద్దలు తమలో తాము మాట్లాడుకున్నారు. ఇంజనీరింగ్ విభాగం అధిపతిని ఇంజనీరులా ఆలోచించడం మాని మేనేజరులా ఆలోచించమన్నారు. నిర్ణయం తిరగబడింది. మర్నాడు 73 సెకన్లకు వాహనం ముక్కలైంది, ఏడుగురు చనిపోయారు.

మన కాలేజీల కొలబద్దతో చూస్తే ఆ రాత్రి బాజోలీకి సున్నా. ఎవరినీ ఒప్పించలేకపోయాడు. సమావేశం ముగిసేసరికి అతని మాట చెల్లలేదు. కానీ అంతకు ఆరు నెలల ముందే, 1985 జులై 31న, ఇదే లోపం ప్రాణాల మీదకు తెస్తుందని కంపెనీ లోపల మెమో రాసి పెట్టినవాడు అతను. ఫలితాన్ని మాత్రమే చూసే మూల్యాంకనానికి ఆ మెమో కనబడదు. ఎప్పుడు గమనించాడు, ఎవరికి చెప్పాడు, ఏ ఆధారంతో చెప్పాడు, ఒత్తిడి పెరిగినప్పుడు మాట మార్చాడా అని అడిగే మూల్యాంకనానికి అదే మొదట కనబడుతుంది. విద్యార్థుల్లో మనం వెతకాల్సింది ఈ నడతనే. దీనికి పదవి అక్కర్లేదు, జాడ కాగితం మీద మిగులుతుంది కాబట్టి కొలవడమూ సాధ్యమే.

దగ్గరి ఉదాహరణ కావాలంటే ధవళేశ్వరం ఉంది. 1847 నుంచి 1852 వరకు సాగిన ఆనకట్ట పని అనగానే కాటన్ పేరు చెబుతాం, చెప్పాల్సిందే. ఆయన దగ్గర పనిచేసిన వీణం వీరన్న కూలీలను కూడగట్టి పని సాగేలా చూశాడు. గోదావరి జిల్లాల్లో ఆ పేరు ఇప్పటికీ తలుచుకుంటారు. రాష్ట్రంలోని ఎన్ని సివిల్ విభాగాల్లో ఆయన గురించి ఒక్క మాటైనా చెబుతున్నారు?

అమెరికాలో ఇంజనీరింగ్ కోర్సులకు గుర్తింపునిచ్చే అబెట్ 2019-20 నుంచి అమలు చేసిన విద్యార్థి ఫలితాల్లో ఒక ఆలోచన నాకు నచ్చింది. బృందంలోని సభ్యులంతా కలిసి నాయకత్వం అందించాలని అందులో ఉంది. లక్ష్యాలు పెట్టుకోవడం, పని పంచుకోవడం, అందరికీ చోటున్న వాతావరణం కల్పించడం కూడా అందులోనే చేర్చారు. నలుగురిలో ఒకరికి కిరీటం పెట్టే పద్ధతికి ఇక్కడ తావు లేదు. విద్యుత్ సరఫరా గురించి బాగా తెలిసిన అమ్మాయి ఆ దశలో బృందాన్ని నడుపుతుంది, పరీక్షల దశలో ఇంకొకరు నడుపుతారు.

కొలిచే పద్ధతులకు కొరత లేదు. పర్డ్యూ విశ్వవిద్యాలయం కేంద్రంగా అభివృద్ధి అయిన కాట్‌మీ అనే పద్ధతిలో సహచరులే ఒకరినొకరు అంచనా వేస్తారు. తన వంతు పని చేయడం, తోటివారితో మెలగడం, బృందం గాడి తప్పకుండా చూడడం, నాణ్యత విషయంలో పట్టుదల, అవసరమైన పరిజ్ఞానం అనే ఐదు కోణాలుంటాయి. మంచి లీడరా కాదా అని అడగరు, ఏం చేశారో అడుగుతారు. ఒకరు తమకు తామే ఎక్కువ వేసుకున్నా, ఇద్దరు ముగ్గురు గుంపు కట్టి మరొకరికి తగ్గించినా ఆ తేడాను అధ్యాపకుడికి చూపిస్తుంది.

ఇక్కడ తెచ్చి పెడితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. పిల్లలు ఒకరికొకరు పదికి పది వేసుకుంటారు. స్నేహితుడి మార్కులు తగ్గించడమంటే మన దగ్గర ద్రోహమే. అందుకే మొదటి రెండుసార్లు మార్కులు పెట్టకూడదని నా అభిప్రాయం. రెండో సంవత్సరం మినీ ప్రాజెక్టులో ఒకసారి, మూడో సంవత్సరంలో ఒకసారి సహచరుల అభిప్రాయం విద్యార్థికి మాత్రమే చేరాలి. గైడ్ ఒక పది నిమిషాలు కూర్చుని మాట్లాడాలి. ఫైనల్ ఇయర్‌లో కొద్ది బరువు ఇవ్వొచ్చు, అదీ వారం వారం రాసిన లాగ్‌బుక్‌తో సరిచూశాకే. ఈ వారం ఏ నిర్ణయం జరిగింది, ఎవరు కాదన్నారు, ఎందుకు కాదన్నారు అన్నవి ఆ పేజీలో ఉండాలి, తెలుగులో రాసినా తీసుకోవాలి. వైవాలో ఎక్స్‌టర్నల్ ప్రతి విద్యార్థినీ విడిగా, వారికి వచ్చిన భాషలో, మధ్యలో మార్చుకున్న ఒక నిర్ణయం గురించి అడగాలి. అమీర్‌పేటలో కొన్న ప్రాజెక్టుకు ఆ ప్రశ్నకు జవాబు దొరకదు.

నాయకత్వం పుట్టుకతో రావాలి, నేర్పితే రాదు అనే మాట స్టాఫ్ రూముల్లో తరచూ వినబడుతుంది. తప్పు కనబడితే రాసి పెట్టడం, మాట్లాడనివారిని అడిగి మాట్లాడించడం, ఒప్పుకున్న గడువు దాటబోతోందని ముందే చెప్పడం సాధనతో వచ్చే అలవాట్లే. ఎంఐటీ 2007లోనే గోర్డన్ ఇంజనీరింగ్ లీడర్‌షిప్ ప్రోగ్రామ్ పెట్టింది. మన ఆంధ్రప్రదేశ్‌లో ఆర్20 నిబంధనలు వేసవిలో సమాజ సేవా ప్రాజెక్టుకు చోటు కల్పించాయి. ఊళ్లోకి వెళ్లి, వేళకు నీళ్లు రావడం లేదన్న మహిళలతో మాట్లాడి, పంచాయతీ కార్యదర్శిని ఒప్పించి, నలుగురూ కలిసి లెక్క తేల్చడంకన్నా మంచి శిక్షణ ఏముంటుంది? అది సర్వే ఫారాలు నింపి సంతకం తెచ్చుకునే తంతుగా ముగిసిపోతే ఆ అవకాశం వృథా.

అసలు అడ్డంకి ఇంకొకటుంది, అది పద్ధతులకు సంబంధించినది కాదు. క్లాసు సీఆర్‌ను హెచ్‌ఓడీ నియమిస్తారు. అతని పని పైనుంచి వచ్చిన మాట కిందికి మోయడం. ఇంటర్నల్ మార్కులు పోతాయేమోనన్న భయంతో, బోర్డు మీద తప్పు కనబడినా లేచి చెప్పని పిల్లలు ప్రతి క్లాసులో ఉంటారు. లేడీస్ హాస్టల్ గేటు సాయంత్రానికే మూసేస్తే రాత్రి ల్యాబ్‌లో జరిగే పనిలోంచి అమ్మాయిలు తప్పుకోవాల్సిందే, ఆ తర్వాత వాళ్లలో చొరవ లేదని మార్కులు తగ్గించడం క్రూరం. కాదనే హక్కు నాలుగేళ్లలో ఒక్కసారీ దక్కని విద్యార్థికి నాయకత్వ వర్క్‌షాపు పెట్టి ప్రయోజనం లేదు. గైడ్ చెప్పిన పద్ధతి కుదరదని ఆధారంతో చూపించిన బ్యాచ్‌కు మార్కులు పెరుగుతాయని పిల్లలు ఒక్కసారి కళ్లారా చూస్తే వారి తీరే మారుతుంది.

అధ్యాపకులకు తీరిక లేదన్నది నిజమైన అభ్యంతరం. ఏఐసీటీఈ నిబంధన ప్రకారం ఇరవై మందికి ఒక అధ్యాపకుడు ఉండాలి. ఆచరణలో ఒక్కో గైడ్ నెత్తిన ఎన్నో బ్యాచ్‌లు, పైన అడ్మిషన్ల పని, ఫైళ్ల పని. అంకెలు నింపడానికి పోతున్న గంటల్లో కొన్నింటిని విద్యార్థులతో మాట్లాడటానికి మళ్లించే నిర్ణయం యాజమాన్యాలదే.

ఈ విద్యాసంవత్సరమే మొదలుపెట్టాలనుకునే విభాగానికి యూనివర్సిటీ అనుమతి అక్కర్లేదు. ల్యాబ్ బ్యాచ్‌లను రోల్ నంబర్ల వరుసలో కాకుండా కలిపి వేయడం, అట్ట మీద పేర్లను అక్షర క్రమంలో రాయించడం, ల్యాబ్ రికార్డులో నిర్ణయాల పేజీ ఒకటి చేర్చడం హెచ్‌ఓడీ చేతిలోని పనులే. ప్రాజెక్టు మార్కుల విభజన మార్చాలంటే మాత్రం బోర్డ్ ఆఫ్ స్టడీస్ కదలాలి. అటానమస్ కాలేజీల్లో ఆ బోర్డు కూడా కాలేజీలోనే ఉంది.