కాంచన్‌జంగా నియమములు సడలరాదు

పశ్చిమ సిక్కింలోని యుక్సోమ్ గ్రామమునుండి బయలుదేరి, ఓక్ వృక్షముల నీడలను, వసంతమున విరగబూయు రొడొడెండ్రాన్ వనములను దాటి, జోంగ్రి పచ్చికబయళ్ళమీదుగా గోచా లా కనుమవైపు సాగు కాలిబాట, నేడు మన దేశమున పర్వతయాత్రికులు మిక్కిలి మక్కువతో నడచు మార్గములలో నొకటి. మన తెలుగు యువతీయువకులును అచ్చటికి పోవుచున్నారు. 1977లో ఏర్పడి, ప్రకృతి సంస్కృతులను రెండు కారణములచేత 2016లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన ఈ కాంచన్‌జంగా జాతీయోద్యానమున అనుమతిపత్రము లేక ప్రవేశింపరాదు, మార్గదర్శి లేక నడువరాదు, కట్టెలు కాల్చరాదు, సమితి సరస్సు ఒడ్డున గుడారము వేయరాదు. ఇవి కొందరికి కష్టముగా తోచుచున్నవి. వీనిలో ఒక్కటియు సడలింపదగదనియు, హిమాలయములందలి తక్కిన ఉద్యానములన్నిటను ఇట్టి కట్టుబాట్లే శాసనములు కావలెననియు మా నిశ్చితాభిప్రాయము.

సరస్సు ఒడ్డున గుడారము ఏల కూడదో చూడుడు. హిమానీనదము కొండను ఒరసికొనుచు దిగి, కాలక్రమమున వెనుకకు తగ్గునపుడు విడిచిపోయిన రాళ్ళును, ఇసుకయు, మట్టియు కట్టగా నిలువగా, కరగిన మంచు ఆ కట్టవెనుక చేరి సమితి వంటి సరస్సులగును. చూర్ణమైన శిల నీటిలో తేలుచుండుటచేతనే వానికి పచ్చని కాంతి. సమితి సరస్సు 4,200 మీటర్లకు పైబడిన ఎత్తున నున్నది. మన పల్లెచెరువు గట్టున పారవేసిన అరటితొక్క త్వరగా మట్టిలో కలియును గాని, ఆ చలిలో అదియే నెలల తరబడి చెడక పడియుండును. ఇక మలమూత్రములును, సబ్బునురుగును, నూనె మరకలును ఆ ఒడ్డునుండి ప్రేక్ ఛూ అను ఏటిలోనికి, అందుండి రాథోంగ్ ఛూ, రంగీత్ నదుల గుండ తీస్తాలోనికి దిగి, దిగువనున్న గ్రామములకు చేరవలసినవే.

1996లో యుక్సోమ్ వాసులు పరిరక్షణ సంఘముగా ఏర్పడి నెలకొల్పిన పద్ధతి ప్రత్యేకముగా ప్రశంసింపదగినది. యాత్రికుడు లోనికి పోవునపుడు వాని మూటలోని బిస్కత్తు పొట్లములు, డబ్బాలు, బ్యాటరీలు పట్టికలో వ్రాసికొని, తిరిగివచ్చినపుడు ఖాళీ పొట్లములను ఆ పట్టికతో సరిచూతురు. బరువులు మోయు జో అను పశువులను తోలువారు, వంటవారు, దారిచూపువారు ఆ ఊరివారే గనుక, ఉద్యానము చెడిన తమ జీవనమే చెడునని వారెరుగుదురు. దూరమున కూర్చున్న అధికారి కంటికి లేని పదును ఆ కంటికి కలదు.

కొండలు అందరివి, నడువలేనివారికొరకు జీపుబాట వేయవలదా, బసలు కట్టవలదా యని యడుగువారు కలరు. వారి కోరిక మంచిదే. కాని దానిని ఒప్పుకొనజాలము. రాథోంగ్ ఛూపై తలపెట్టిన జలవిద్యుత్పథకమును ఆ నేల పవిత్రతను మన్నించి 1997లో మానుకొన్నదియు, 8,586 మీటర్ల కాంచన్‌జంగా శిఖరారోహణమును 2001లో నిషేధించినదియు సిక్కిం ప్రభుత్వమే. విద్యుత్తుకొరకు వదలుకొనని నియమమును వినోదముకొరకు వదలుకొనుట ఏమి న్యాయము? పైగా ఆ నేల ఇంకను కుదుటపడలేదు. 2023 అక్టోబరులో ఉత్తర సిక్కింలోని దక్షిణ ల్హోనాక్ సరస్సులోనికి పక్కచరియ కూలగా, పొంగిన నీరు చుంగ్‌థాంగ్ వద్దనున్న తీస్తా ఆనకట్టను తుడిచిపెట్టి ఎందరి ప్రాణములనో బలిగొన్నది. ఆ విపత్తును యాత్రికులు తెచ్చిపెట్టలేదు. కాని వదులు రాళ్ళ కట్టలపై ఆధారపడిన సరస్సుల దిగువన బసలను, బాటలను పెంచి జనమును గుమికూర్చుట తెలిసి చేయు అపరాధమగును.

కావున ప్రతి ఉద్యానమునందును ఒక్కొక్క కాలిబాటకు దినమునకు ఇందరే యని సంఖ్య నిర్ణయింపవలెను. రుసుము పెంచి రద్దీని తగ్గింతుమనుట తగదు. అది పేదవిద్యార్థిని ఆపునేగాని ధనికుని చెత్తను ఆపదు. అనుమతులు ముందు వచ్చినవారికి ముందుగా, ఒకే ధరకు ఈయవలెను. బృందములను తీసికొనిపోవు సంస్థలు పట్టికలో చూపిన వస్తువులను తిరిగి తేనియెడల, మరుసటి ఋతువున వాని అనుమతిని నిలిపివేయవలెను.