స్థలనియత అన్వేషణము – పరిశోధకుని కర్తవ్యము

సాంకేతిక విషయమున ఎవరి మాటను ప్రమాణముగా గైకొనవలెనను ప్రశ్న నేడు ప్రాచ్యభాషా పరిశోధకునికిని తప్పనిది. తాళపత్రగ్రంథమును పరిష్కరించి కంప్యూటరున కూర్చువాడు లిపిసంకేతముల ప్రమాణపత్రములను చూడక తీరదు. అట్టి పత్రములను అంతర్జాలమున వెదకు విధానమును మన కళాశాలలలో పరిశోధనపద్ధతులలో భాగముగా బోధింపవలెనని నా అభిప్రాయము.

నకారపొల్లునే ఉదాహరణముగా గైకొందము. దీనికి యూనికోడ్‌లో ప్రత్యేకసంకేతము కలదా? తెలుగు లిపి 1991 నాటి తొలి కూర్పుననే యూనికోడ్‌లో చేరినది. దంత్యములగు ౘ, ౙలకు 2008లో వెలువడిన 5.1 కూర్పున స్థానము లభించినది. నకారపొల్లు 2021 నాటి 14.0 కూర్పున గాని చేరలేదు. కావున అంతకు పూర్వము "లేదు" అని వ్రాసినవారి మాట నాటికి సత్యమే. నేడు దానిని ఆధారముగా చూపుట దోషము. సామాన్యాన్వేషణమున ఆ పాతమాటయు, దాని అనువాదములును, కొత్తమాటయు కలగలసి వచ్చును.

గూగుల్ వంటి అన్వేషణయంత్రమున, వెదకు పదముల చెంత ఆంగ్లాక్షరములలో 'సైట్' అను మాటను, దానిని ఆనుకొని రెండు చుక్కల గుర్తును, ఎడము విడువక 'యూనికోడ్ డాట్ ఆర్గ్' అను చిరునామాను చేర్చినచో, ఆ సంస్థవారి పుటలు మాత్రమే ఫలితములుగా వచ్చును. ఇట్లు వెదకినవానికి సంకేతపట్టికయే గాక, అక్షరములను చేర్పుమని సమర్పింపబడిన ప్రతిపాదనపత్రములును లభించును. ఆ పత్రములు ఆంగ్లమున నుండుటచే వెదకు పదములును ఆంగ్లముననే యుండవలెను. వర్ణక్రమమునందును జాగరూకత అవసరము: ప్రమాణనామమున 'నకార' శబ్దమందలి దీర్ఘమును రెండు 'ఏ' అక్షరములతో వ్రాసిరి.

అయినను స్థలనియమము ఆప్తుని ఇంటివాకిలి చూపును గాని, ఆ ఇంట నున్నదంతయు ఆప్తవాక్యము కాదు. ప్రతిపాదన సిద్ధాంతము కాదు. ఒకే సంస్థ పుటలలో ప్రతిపాదనయు, తుదినిర్ణయమును, గతించిన కూర్పుల పట్టికలును ప్రక్కప్రక్కనే యుండును. ఏది ఏ నాటిదో, ఏది నిర్ణయమో తేల్చుకొనుట పరిశోధకుని పని.

మరియొక ప్రమాదము గలదు. ఫలితము రానంతమాత్రమున పత్రమే లేదని నిశ్చయించుట తగదు. భాట్టమీమాంసకులు అనుపలబ్ధిని ప్రమాణముగా అంగీకరించిరి. కాని అది యోగ్యానుపలబ్ధి కావలెను. ఉన్నచో తప్పక కనబడదగిన వస్తువు కనబడనప్పుడే దాని అభావము సిద్ధించును. అన్వేషణయంత్రము తాను సూచికలో చేర్చుకొనిన పుటలనే చూపగలదు. అక్షరములుగా మార్పబడని ఛాయాప్రతులలోని పదములు దానికి చిక్కకపోవచ్చును. అట్టిచోట "కానరాలేదు" అనుట న్యాయము. "లేదు" అనుట సాహసము.

కావున సిద్ధాంతవ్యాసములలో "అంతర్జాలమున అలభ్యము" అని వ్రాయు విద్యార్థి, ఏ పదములతో, ఏ స్థలమున, ఏ దినమున వెదకెనో తెలుపవలెనని పర్యవేక్షకులు నియమింపవలెను. వ్రాతప్రతి ఏ భాండాగారమున లభించినదో తెలుపని పరిష్కర్తను మనము మన్నింపము గదా! ఇచటను ఆ నియమమే వర్తింపవలెను.