పాట మనది, అట్టమీద బొమ్మ ఎవరిది?

పాట అందరిదీ అంటున్నారు పెద్దమనుషులు. పాటకు పేరెందుకు, నీదీ నాదీ అని కొట్లాటెందుకు అంటున్నారు. అట్లాగే భూమి కూడా అందరిదీ అనండి, మేం ఒప్పుకుంటాం. పట్టా దగ్గరికొచ్చేసరికి వాళ్ల పేరు కావాలి. పాట దగ్గరికొచ్చేసరికి మన పేరు అక్కర్లేదు!

అరివు సంగతి మన ఊళ్లల్లో చాలామందికి తెలియదు కాబట్టి చెబుతున్నాం. తమిళనాడు అరక్కోణం దళిత బిడ్డ. 2018 జనవరిలో సినిమా దర్శకుడు పా. రంజిత్, సంగీతకారుడు తెన్మా కలిసి చెన్నైలో ‘ద కాస్ట్‌లెస్ కలెక్టివ్’ అనే బ్యాండును జనం ముందు నిలబెట్టారు. కులంలేని తమిళులం అని నూరేళ్ల కిందటే అయోతీదాసు పండితుడు చెప్పిన మాట నుంచి తీసుకున్న పేరు అది. చావింటి ముందు పాడే గానా, పరై డప్పు, రాక్ గిటారు, రాప్, అన్నీ ఒక్క వేదిక ఎక్కినయి. గొడ్డుకూర మీద పాడారు. రిజర్వేషన్ల మీద పాడారు. అక్కడ రాసి పాడిన గొంతుల్లో అరివు ఒకడు. 2019లో ‘తెరుకురల్’ ఆల్బం తెచ్చాడు. వీధిగొంతు అని అర్థం.

2021 మార్చిలో ‘ఎంజాయ్ ఎంజామీ’ వచ్చింది. సంగీతం సంతోష్ నారాయణన్. పాడింది ధీ, అరివు. మాటలు అరివువి. ఆ మాటలు ఆకాశంలోంచి ఊడిపడలేదు. ఆయన అవ్వ వల్లియమ్మాళ్ బతుకులోంచి వచ్చినయి. సెంటు భూమి లేక శ్రీలంక తేయాకు తోటలకు పోయిన కూలిజనంలో ఆమె ఒకతె. అడవి కొట్టి తోటలు చేసిన ఆ జనంలో 5,25,000 మందిని ఇండియాకు పంపాలని 1964లో రెండు సర్కార్లు కాగితం మీద లెక్క తేల్చుకున్నాయి. పొమ్మన్నవాళ్లను ఎవరైనా అడిగారా?

కోట్లమంది విన్నారు ఆ పాటను. 2021 ఆగస్టులో రోలింగ్ స్టోన్ ఇండియా పత్రిక అట్టమీద ధీ, షాన్ విన్సెంట్ డి పాల్ బొమ్మలు వేసింది. ధీ పాడింది ఈ పాట, షాన్ పాడింది ‘నీయే ఒళి’. రెండింట్లోనూ అరివు కలం ఉంది. అట్టమీద మాత్రం అరివు లేడు! రంజిత్ నిలదీసి, గోలయ్యాక గానీ అరివు బొమ్మ వెయ్యలేదు. 2022 జులైలో చెన్నై చెస్ ఒలింపియాడ్ వేదిక మీద అదే పాట, అరివు లేకుండా. అమెరికాలో ఉన్నాడన్నారు. సరే, ఒప్పుకుందాం. మరి అంతకుముందు ఏడాది అట్టమీదికి రావడానికి ఏ విమానం తప్పిపోయింది?

పాడిన పిల్ల మీద మాకు కోపం లేదు. బాణీ అందరిదీ, ఆదాయం సమానం అన్నాడు సంతోష్ నారాయణన్. కంపెనీ నుంచి తమకు పైసా రాలేదని 2024లో ఆయనే చెప్పాడు. అంటే డబ్బు దగ్గర అందరికీ సున్నా. పేరు దగ్గర మాత్రం ఆ సున్నా అరివు ఒక్కడికే పెట్టబోయారు.

ఇది తమిళుల గొడవ అనుకోకండి. ‘మాభూమి’ సినిమాలో గద్దర్ పాడిన బండి పాట ఎవరిదని ఏ ఊళ్లోనైనా అడగండి. గద్దర్‌ది అంటారు. రాసింది బండి యాదగిరి, సాయుధ పోరాటంలో. గద్దర్ దొంగిలించలేదు. పేరు చెప్పే అలవాటు మనకే లేదు. మన సభల్లోనే పాట అయిపోయాక చప్పట్లు కొడతాం, రాసినోడు వెనక చాపమీద కూచుని ఉంటాడు.

పాట రాసే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఇది వినండి. 1957 కాపీరైటు చట్టం 57వ సెక్షన్ ప్రకారం హక్కులు అమ్ముకున్నా సరే, ఈ పాట నేను రాశానని చెప్పుకునే హక్కు పోదు. 2012 సవరణ ప్రకారం సినిమాలో, రికార్డులో వాడిన పాటకు వచ్చే రాయల్టీలో మీ వాటా వదులుకున్నట్టు ఎవడు రాయించుకున్నా అది చెల్లదు. ఖాళీ కాగితం మీద వేలిముద్ర వేస్తే భూమి ఎట్లా పోయిందో మన తాతలకు తెలుసు. నోటుబుక్కులో పాట కింద పేరు, ఊరు, తేదీ రాయండి. సంఘాల వాళ్లు మైకులో పాటకంటే ముందు ఆ పేరు చదవండి.

అరివు 2024లో తన ఆల్బానికి పెట్టుకున్న పేరు ‘వల్లియమ్మ పేరాండి’. వల్లియమ్మ మనవడు అని.